వందలో అయిదు మార్కుల శిక్షణ

కొత్తపట్నం మండలంలో ఏదో ఒక పల్లెపాలెంలో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అయిందనుకుందాం. కొన్నాళ్లకు ఒంగోలు నుంచి నోటిఫికేషన్ వస్తుంది. దరఖాస్తు పెట్టే మనిషి ఆ ఊళ్లో ఉండేదై ఉండాలి, పెళ్లయి ఉండాలి, వయసు 21కీ 35కీ మధ్య ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. ఇవన్నీ కుదిరినవారు నలుగురైదుగురుంటే ఎవరిని తీసుకోవాలి? దానికి వంద మార్కుల పట్టిక ఒకటుంది. ఇటీవలి సంవత్సరాల నోటిఫికేషన్లు చూస్తే పదో తరగతి మార్కులకు 50, ఇంటర్వ్యూకు 20. అనాథగానో ప్రభుత్వ సదనంలోనో పెరిగి ఉంటే 10. భర్త పోయిన మనిషైతే 5, ఆమెకు చిన్నపిల్లలుంటే మరో 5. దివ్యాంగురాలైతే 5. ఇక మిగిలిన 5 మార్కులు, పసిపిల్లలకు చదువు చెప్పడంలో ఏదైనా శిక్షణ పొంది ఉంటే.

ఈ పట్టికను కాస్త నిదానంగా చదవాలి. ఆసరా లేని ఆడమనిషికి సొంత ఊళ్లోనే ఒక ఆధారం దొరకాలన్న దయ ఇందులో ఉంది. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే మూడేళ్ల పిల్లను ఆరేళ్లు వచ్చేదాకా ఎవరి చేతిలో పెడుతున్నామో తేల్చే పట్టిక కూడా ఇదే. ఆ పని తెలిసి ఉండటానికి వందలో అయిదు మార్కులు. ఇంటర్వ్యూలో అధికారుల మెప్పు పొందితే ఇరవై. ఆ ఇరవై ఎవరి సిఫార్సుతో ఎటు ఒరుగుతాయోనన్న చర్చ నోటిఫికేషన్ పడ్డ ప్రతి ఊళ్లోనూ రచ్చబండ దగ్గర నడిచేదే.

అదే ఊళ్లో, చాలాచోట్ల అదే ప్రహరీ లోపల, ప్రాథమిక పాఠశాల ఉంటుంది. అక్కడ ఒకటో తరగతికి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు ఇంటర్ తర్వాత రెండేళ్లు డీఎడ్ చదవాలి, టెట్ పాసవ్వాలి, ఆ పైన డీఎస్సీ గట్టెక్కాలి. 2010 ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఈ అర్హతల్ని దేశమంతటికీ ఖరారు చేసింది. బీఎడ్ చేసినవారు ఒకటి నుంచి అయిదు తరగతులకు పనికిరారా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళితే, పనికిరారని 2023 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. చిన్నపిల్లలకు చెప్పే విద్య వేరు, పెద్దపిల్లలకు చెప్పే విద్య వేరు, ఒకదాని శిక్షణ రెండోదానికి సరిపోదు అన్నది అందులోని సారాంశం. ఆరేళ్ల పిల్ల విషయంలో దేశంలోని అత్యున్నత న్యాయస్థానం అంత పట్టుదలగా నిలబడింది. అయిదేళ్ల పిల్ల విషయంలో మాత్రం పదో తరగతి మార్కుల మెమో చాలు.

పసిపిల్లల టీచరుకు తగిన కోర్సే లేదా అంటే, కాగితం మీద ఉంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా, ప్రీస్కూల్ విద్యలో. అదే ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లో దాని పాఠ్యక్రమం వివరంగా రాసింది. డీఎడ్ కాలేజీలు వీధికొకటిగా వెలసిన మన దగ్గర ఈ డిప్లొమా చేసిన మనిషి కనబడటం అరుదు. చేస్తే ఉద్యోగం ఎక్కడ? అంగన్‌వాడీలో అయిదు మార్కులు, కాన్వెంటులో నాలుగైదు వేల జీతం. ఎవరు చేరతారు?

పెద్దల చదువు విషయంలో కొత్తపట్నానికి చరిత్రలో ఒక చోటుంది. 1937 వేసవిలో ఈ తీరాన వామపక్ష యువకులు రాజకీయ పాఠశాల పెట్టారు, ప్రభుత్వం నిషేధించింది, విద్యార్థుల మీద లాఠీలు విరిగాయి. పసిపిల్లల చదువు చరిత్ర మాత్రం వేరే ఊళ్ల మీదుగా నడిచింది. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం తెరిచారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీలో, ఆ తర్వాత కోస్బాడ్ కొండమీద ఆదివాసీ పిల్లల కోసం పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. అంగన్‌వాడీ అన్న ఆలోచన పుట్టింది అక్కడే. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి, వందలమంది టీచర్లను తయారుచేశారు. ఆ గాలి తెలుగునాట కూడా వీచింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పేరుతో స్థాపించిన విద్యాసంస్థలు అందుకు గుర్తు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు సాయంతో గ్రామాల్లో బాల్వాడీలు నడిచాయి. వీళ్లలో గిజుభాయి, తారాబాయి, మాంటిస్సోరి ముగ్గురూ పిల్లల బడితోపాటు టీచర్ల శిక్షణనూ చేపట్టారు. ఎవరైనా చెప్పేస్తారులే అని వాళ్లు అనుకోలేదు.

1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులు. ఇవాళ ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. అంత విస్తరణలో ఏదో ఒకటి పలచబడక తప్పదు, ఇక్కడ పలచబడింది చదువు. ఎందుకంటే ఈ పథకం పుట్టిందే ఆకలి మీద, శిశుమరణాల మీద పోరాటంగా. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు పోషకాహార అవగాహన, చివరిగా పూర్వ ప్రాథమిక విద్య. మొత్తం ఆరు సేవలు, వాటిని చేసే మనిషి ఒకరు, ఆమెకు తోడు ఒక ఆయా. గుడ్ల లెక్క తప్పితే సూపర్‌వైజర్ అడుగుతుంది. బరువు తూయకపోతే సీడీపీవో అడుగుతారు. ఇవాళ పిల్లలకు కథ చెప్పావా అని ఎవరూ అడగరు.

ఇంతకీ ఆ కథ చెప్పడంలో, ఆడించడంలో శిక్షణకు అందనంత రహస్యం ఏముంది, అమ్మమ్మలు చేయలేదా అనిపించవచ్చు. న్యాయమైన సందేహమే. అందుకే ఈ భాగం దగ్గర కొంచెం ఆగుదాం.

కొత్తపట్నం ఇసుక నేలల నుంచి పైకి, నల్లరేగడి వైపు పోతే మాఘం, ఫాల్గుణం నెలల్లో మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని మంచికాయ ఒకవైపు, తాలుకాయ ఒకవైపు ఏరుతుంటారు. తల్లి పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల కాసేపు చూసి తనూ ఓ తాలుకాయ తీసి పక్కన పడేస్తుంది. పిల్ల చేతికి మిరపకాయ ఇవ్వమని కాదు, కళ్లు మండి ఏడుస్తుంది. ఆ పిల్ల బుర్రలో జరిగిందేమిటో చూడండి. రంగును బట్టి, నునుపును బట్టి వస్తువుల్ని రెండు గుంపులు చేసింది. అంకెలు రాకముందే లెక్కల చదువు ఇక్కడ మొదలవుతుంది. గుంపులు చేయడం, వరసలో పేర్చడం, ఎక్కువ తక్కువలు పోల్చడం, ఒకదానికొకటి జతచేయడం: ఈ నాలుగూ చేతుల్లో నలిగిన పిల్లకు ‘ఏడు’ అంటే ఏమిటో అర్థమవుతుంది. నలగని పిల్ల ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పి, ఏడు గవ్వలు తెమ్మంటే గుప్పెడు తెచ్చిపెడుతుంది.

పల్లెపాలెం పిల్లలకైతే ఇంకో సంపద ఉంది. కానాగంత ఏదో, కవళ్లు ఏవో, నెత్తళ్లు ఏవో వాళ్లకు అయిదేళ్లకే తెలుసు. ఒడ్డుకొచ్చిన వలలోంచి చేపల్ని వేరు చేయడం రోజూ చూస్తారు. శిక్షణ ఉన్న టీచరు ఈ సరుకును వాడుకుంటుంది. గవ్వలు, ఆలిచిప్పలు, జీడిగింజలు ఓ గంప నిండా పోసి వేరుచేయమంటుంది. పిల్ల వేరుచేశాక ‘ఇది ఇటెందుకు పెట్టావమ్మా?’ అని అడుగుతుంది. పిల్ల తన మాటల్లో కారణం చెబుతుంది, ఒక్కోసారి మనకు తట్టని కారణం చెబుతుంది. అప్పుడు టీచరు దిద్దదు, ‘అయితే ఈ చిప్ప ఎటు పోవాలి?’ అని ఇంకో మెలిక పెడుతుంది. చూసేవాళ్లకు ఇది కబుర్లు చెప్పుకోవడంలా ఉంటుంది. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఏ పిల్ల రెండు రోజులుగా మాట్లాడటం లేదు, ఏ పిల్లవాడు గొంతు పెంచితే తప్ప తల తిప్పడం లేదు, వాడికి చెవి సరిగా వినిపించడం లేదేమో: ఈ చూపు అమ్మమ్మకు తన మనవడి విషయంలో ఉంటుంది. ఇరవైమంది ఊరి పిల్లల మీద ఏకకాలంలో నిలపాలంటే నేర్చుకోవాలి.

నేర్చుకోకపోతే ఏమవుతుంది? తాను బడిలో ఏం చూసిందో అదే చేస్తుంది. పలక ఇచ్చి అఆలు దిద్దిస్తుంది. మూడున్నరేళ్ల పిల్లవాడి మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. బలపాన్ని వేళ్లతో పట్టుకోలేక పిడికిటితో పట్టుకుంటాడు, అక్షరం వంకరపోతుంది, దెబ్బ పడుతుంది. వాడికి అప్పుడు కావలసింది ఇసుకలో గీతలు, మట్టి పిసకడం, పూసలు గుచ్చడం. వేళ్లకు పట్టు వచ్చాక అక్షరం ఎలాగూ వస్తుంది. ఈ సంగతి తెలిసిన టీచరు తల్లిదండ్రులకూ సర్దిచెప్పగలగాలి, ఎందుకంటే పలక మీద అక్షరం కనబడకపోతే ‘ఏం చెబుతున్నావు టీచరమ్మా, అన్నం పెట్టి పంపుతున్నావా?’ అని అడిగేది వాళ్లే. ఆ ప్రశ్నకు నిబ్బరంగా జవాబు చెప్పడానికి చదువు బలం ఉండాలి. పదో తరగతి మెమో ఆ బలం ఇవ్వదు.

ఇక శిక్షణ సంగతి. ఉద్యోగంలో చేరాక టీచరుకు చాలాకాలం పాటు 26 పనిదినాల శిక్షణ ఉండేది. ఆరు సేవలూ, రిజిస్టర్లూ, టీకాల పట్టికలూ అన్నీ ఆ 26 రోజుల్లోనే. పిల్లలకు చెప్పే విద్య వంతుకు ఎన్ని రోజులు మిగిలి ఉంటాయో ఊహించుకోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం ఈ లోటును ఒప్పుకుంది. ఇంటర్, ఆ పైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. ఉద్యోగం మానకుండా, టీవీ చానళ్లూ ఫోన్లూ వాడి, నెలకోసారి ముఖాముఖి తరగతితో. మూడో ఏడు నుంచి రెండో తరగతి దాకా అయిదేళ్లను ఒకే పునాది దశగా చూడాలనీ అంది. 2022 అక్టోబరులో ఆ దశకు జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. 2023 మేలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ‘పోషణ్ భీ పఢాయీ భీ’ మొదలుపెట్టింది, మరుసటి ఏడు ‘ఆధార్‌శిల’ పేరుతో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పాఠ్య ప్రణాళికను విడుదల చేసింది. ఆ పుస్తకం బాగుంది, ఆటలూ పాటలూ వారాలవారీగా ఉన్నాయి. దాన్ని వాడటానికి టీచరుకు ఇచ్చిన శిక్షణ మూడు రోజులు.

మన రాష్ట్రం సంగతికొస్తే, కేంద్రాలను కొంతకాలం ప్రీ ప్రైమరీ స్కూళ్లని పిలిచారు, పీపీ1, పీపీ2 అని తరగతులు పెట్టారు. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో నడుస్తున్న ‘సాల్ట్’ పథకంలో 50 వేలమందికి పైగా అంగన్‌వాడీ టీచర్లను కూడా చేర్చారు. ‘జ్ఞానజ్యోతి’ పేరుతో పాఠశాల విద్యాశాఖ వారికి శిక్షణ తరగతులు నడిపింది. బడి పంతుళ్లకు శిక్షణ ఇచ్చే శాఖ అంగన్‌వాడీ టీచరును తన మనిషిగా చూడటం మంచి మార్పు. అయితే శిక్షణ అయ్యాక చేతికొచ్చే కాగితానికి విలువ కట్టాలి. ఆ సర్టిఫికెట్ ఉంటే జీతం ఒక మెట్టు పెరుగుతుందా, సూపర్‌వైజర్ పదోన్నతిలో కలిసొస్తుందా అన్నదే టీచర్లు అడిగేది.

జీతం మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. చట్టం దృష్టిలో ఆమెకు వచ్చేది జీతమే కాదు, గౌరవ వేతనం. 2018 అక్టోబరులో కేంద్రం దాన్ని 3 వేల నుంచి 4,500కు పెంచింది. పైన రాష్ట్రాలు తమకు తోచినంత కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూలై నుంచి మొత్తం 11,500 రూపాయలు, ఆయాకు 7 వేలు. 2022 వేతన సవరణ తర్వాత పక్క గదిలో ఒకటో తరగతి చెప్పే టీచరు మూల వేతనమే 32,670 దగ్గర మొదలవుతుంది. ఇద్దరి దగ్గరా కూర్చునేది ఏడాది తేడాతో అదే పిల్ల.

కోర్టులు ఈ విషయంలో రెండు రకాలుగా మాట్లాడాయి. కర్ణాటకకు చెందిన అమీర్‌బీ కేసులో 2006లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లది ప్రభుత్వ ఉద్యోగం కాదంది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో మాత్రం గొంతు మారింది. ఆహార భద్రత చట్టం, విద్యాహక్కు చట్టం అప్పగించిన పనుల్ని వీళ్లు చేస్తున్నారు కాబట్టి గ్రాట్యుటీ చట్టం వీళ్లకూ వర్తిస్తుందని జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకాల ధర్మాసనం తేల్చింది. తీర్పు అమలు చేయండి, వేతనం 26 వేలు చేయండి అంటూ 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతా టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. 42 రోజులు నడిచింది. 2024 జనవరి తొలివారంలో ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. మరోపక్క చాలాచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టించి గ్రామ సచివాలయాల సిబ్బందితో తెరిపించింది.

ఆ రోజుల్లో జరిగినవి పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సమ్మె చేయకూడనంత అత్యవసర సేవ అని చట్టం. సర్వే చేసే ఉద్యోగి వచ్చి ఆ పని చేసేయగలడని కార్యనిర్వహణ. సంక్షేమ పథకం దరఖాస్తు పెడితే ‘మీరు ప్రభుత్వ ఉద్యోగులు కదా’ అని తిరస్కరణ. జీతం అడిగితే ‘మీరు ఉద్యోగులు కారు’ అని సమాధానం. పసిపిల్లల చదువును వృత్తిగా గుర్తించని వ్యవస్థ ఎలా ఉంటుందో ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. వివాహిత, స్థానికురాలు అన్న షరతులు కూడా ఈ చూపులోంచి వచ్చినవే. ఇంటిపని చూసుకుంటూ ఊరికి కాస్త సేవ చేసే గృహిణిగా ఆమెను ఊహించారు. పెళ్లికాని డీఎస్సీ అభ్యర్థిని మీరు టీచరుగా పనికిరారని ఎవరైనా అంటారా?

అయితే కేవలం అర్హతలు పెంచేస్తే సరిపోతుందా? ఇక్కడ నేను కొంచెం వెనక్కి తగ్గుతాను. తమిళనాడులో అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీ కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. మురళీధరన్ అంతకుముందు మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మీద పెద్దపెద్ద పరిశోధనలు చేసిన మనిషి. లాటరీ పద్ధతిన ఎంచిన సగం కేంద్రాలకు పూటపని మీద ఇంకో మహిళను ఇచ్చారు. ఆమె పని పిల్లలకు చెప్పడం మాత్రమే. గొప్ప డిగ్రీలేమీ అడగలేదు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో చదువుకు దొరికే సమయం రెట్టింపయింది. పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. ఆశ్చర్యమేమిటంటే ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి, ఎందుకంటే పాత టీచరుకు ఆరోగ్యం పనులు చూసుకునే తీరిక దొరికింది.

దీన్నిబట్టి చూస్తే, మన టీచర్లకు చేతకాక చదువు జరగడం లేదనుకోవడం పూర్తి నిజం కాదు. ఉదయం తొమ్మిదికి తాళం తీస్తే పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకురావడం, హాజరు ఫోన్‌లో ఎక్కించడం, వంట సరుకులు తూచి ఇవ్వడం, గర్భిణులకు పాలు గుడ్లు, బరువులు ఎత్తులు, టీకాల రోజు ఏఎన్ఎంకు తోడు, నెలకోసారి సెక్టార్ మీటింగ్, కొన్నిచోట్ల ఓటరు జాబితా పని. 2021 మార్చిలో వచ్చిన పోషణ్ ట్రాకర్‌తో పాటు రాష్ట్రం యాప్ వేరే. సముద్రం ఒడ్డు ఊళ్లలో సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఇసుకలో నడవాలి. రెండేళ్ల డిప్లొమా చేసిన మనిషిని తెచ్చి ఇదే కుర్చీలో కూర్చోబెట్టినా ఆమె కూడా గుడ్లే లెక్కపెడుతుంది. ఏ వృత్తికైనా అర్హతతోపాటు ఆ పని కోసమే కేటాయించిన సమయం కావాలి. పూటకు రెండు గంటలు ఫోనూ రిజిస్టరూ ముట్టకూడదని ఒక్క ఉత్తర్వు ఇచ్చి దాన్ని నిజంగా పాటిస్తే, సగం శిక్షణతో సమానం.

అర్హత పెంపులో ఇంకో ప్రమాదం ఉంది. రేపటి నుంచి డిగ్రీ, డిప్లొమా ఉన్నవారే కావాలంటే పల్లెపాలెంలో అలాంటి మనిషి దొరకకపోవచ్చు. ఒంగోలు నుంచి బస్సులో వచ్చి మూడున్నరకే తిరుగు బస్సు చూసుకునే టీచరు దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో ఇళ్లలో ఏం ఉడుకుతోందో, ఎవరి బిడ్డ నీరసపడిందో ఊరి మనిషికి తెలిసినట్టు ఆమెకు తెలియదు. న్యూజిలాండ్ 2002లో పదేళ్లలో పసిపిల్లల టీచర్లంతా పూర్తి అర్హత ఉన్నవారే ఉండాలని లక్ష్యం పెట్టుకుని, ఖర్చు భరించలేక తర్వాత 80 శాతానికి దిగింది. అంత చిన్న, ధనిక దేశానికే అది అయింది. మనం చేయదగింది, ఇప్పుడున్న మనుషులకు చదువు చెప్పించి, ఆ చదువుకు జీతంలో విలువ కట్టి, ఖాళీ అయ్యే పోస్టుల్లో నెమ్మదిగా మార్పు తేవడం. ఎంపిక పట్టికలో శిక్షణ వంతును అయిదు నుంచి ఇరవైకి పెంచి, ఇంటర్వ్యూను అయిదుకు దించితే ఖజానాకు పైసా ఖర్చు లేదు. శిక్షణకు మార్కులుంటే శిక్షణ కాలేజీలు వాటంతటవే వస్తాయి, దాంతో వచ్చే మోసాలు కూడా వస్తాయి, కనిపెట్టుకోవాలి.

కాన్వెంట్ల మాట ఎత్తకుండా ముగించడం అన్యాయం. వ్యాన్లు ఊళ్లోకి వచ్చి మూడేళ్ల పిల్లల్ని టై కట్టించి ఎక్కించుకుపోతున్నాయి. నర్సరీ టీచరు అర్హత ఏమిటని అడిగే తల్లిదండ్రులు కనబడరు, ఇంగ్లీషు ముక్క వినబడితే చాలు. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలు రాసింది, ఇరవైమంది పిల్లలకు ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉండాలంది. వాటిని తనిఖీ చేసే నాథుడు లేడు. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో వేలమంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెన్నంటి చూసి 2017లో నివేదిక ఇచ్చాయి. అయిదేళ్లకు బడికి సిద్ధంగా ఉన్న పిల్లలు అంగన్‌వాడీల్లోనూ తక్కువే, ప్రైవేటులోనూ తక్కువే. ప్రైవేటులో జరిగేది ఎక్కువగా రాత, బట్టీ. కాబట్టి ఏ బడిలో వేసినా సరే, తల్లిదండ్రులు ఒక పూట వెళ్లి చూడాలి. పిల్లలు మాట్లాడుతున్నారా, టీచరు ఒక్కతే మాట్లాడుతోందా? చేతుల్లో ఆడుకునే వస్తువులున్నాయా, గోడమీద చార్టులే ఉన్నాయా? టీచరు పిల్లల ఎత్తుకు వంగి మాట్లాడుతోందా? ఫీజు రసీదు కన్నా ఇవి ముఖ్యం.

పోటీ ప్రభుత్వ శాఖల మధ్య కూడా ఉంది. కర్ణాటకలో 2024లో విద్యాశాఖ తన బడుల్లో ఎల్కేజీ, యూకేజీ తెరుస్తామంటే అంగన్‌వాడీ టీచర్లు వీధుల్లోకి వచ్చారు, పిల్లలు మాకు మిగలరని. తర్వాత అక్కడి ప్రభుత్వం కొన్ని అంగన్‌వాడీల్లోనే ఆ తరగతులు మొదలుపెట్టింది. తెలంగాణ కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీ ప్రైమరీ తెరిచి, చెప్పేవారిని మళ్లీ గౌరవ వేతనం మీదే తీసుకుంది. శాఖ మారినా ఆమెను చూసే పద్ధతి మారలేదు.

ఈ మొత్తం చర్చలో పేరు వినబడని మనిషి ఒకరున్నారు. ఆయా. టీచరు సెక్టార్ మీటింగ్‌కో, సర్వేకో వెళ్లిన రోజున పిల్లల్ని చూసుకునేది ఆమే. పక్క తడిపిన పిల్లవాడిని కడిగేది, అన్నం తిననని మారాం చేసేదాన్ని బుజ్జగించేది, పొయ్యి మీద పప్పు చూసుకుంటూనే పాట పాడించేది ఆమే. పిల్ల మొదట నోరు విప్పి మాట్లాడేది కూడా చాలాసార్లు ఆయమ్మతోనే. మన రాష్ట్రంలో ఆమె పోస్టుకు ఏడో తరగతి చాలు. 2022లో కేంద్రం ఇచ్చిన ‘సక్షమ్ అంగన్‌వాడీ’ మార్గదర్శకాల ప్రకారం ఖాళీ అయ్యే టీచరు పోస్టుల్లో సగం, అయిదేళ్ల అనుభవమున్న అర్హులైన ఆయాలతో నింపాలి. సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం టీచర్లతో. అంటే ఇవాళ కొత్తపట్నం కేంద్రాల్లో గిన్నెలు కడుగుతున్న ఆయమ్మ రేపటి టీచరు కావచ్చు. విద్యా విధానం చెప్పిన ఆరు నెలల కోర్సు గానీ, ఏడాది డిప్లొమా గానీ ఆమె కోసం రాసినవి కావు. అవి టీచర్ల కోసం. ఆమె ముందు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాలి, పుస్తకాలు కొనుక్కోవాలి, పరీక్షల రోజుల్లో వంటకు ఇంకొకరిని మాట్లాడుకోవాలి, ఫీజు 7 వేల వేతనంలోంచే కట్టుకోవాలి. ఒంగోలు ప్రాజెక్టు కార్యాలయంలో ఎవరైనా ఈ ఏడు ఎంతమంది ఆయాలు పది రాస్తున్నారో ఒక జాబితా తయారుచేసి, వాళ్ల ఫీజు కట్టి, పరీక్షల రోజుల్లో సెలవు ఇప్పించగలిగితే, అయిదేళ్ల తర్వాత చేరే టీచర్ల శిక్షణ ఇవాళే మొదలైనట్టు.